మళ్ళీ నింపుకునే ఘటం: అమెరికా ఇళ్ళలో ఛార్జింగ్ బ్యాటరీల చరిత్ర

తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి బ్యాటరీ మొదట ‘ఘటం’ గానే పరిచయం. వోల్టా ఘటం, డేనియల్ ఘటం, లెక్లాంషీ ఘటం. వాటిలో మళ్ళీ ప్రాథమిక ఘటాలు, ద్వితీయ ఘటాలు అని రెండు తెగలు. మొదటి తెగవి ఒకసారి ఖర్చయితే పారవేయవలసినవే. రెండవ తెగవాటిలోకి కరెంటును ఎదురు దిశలో పంపితే లోపలి రసాయన చర్య వెనక్కి నడిచి, ఘటం మళ్ళీ నిండుతుంది. పాఠ్యపుస్తకం ఇంతవరకు చెప్పి ఊరుకునేది. ‘ద్వితీయ’ అన్న పేరులోనే కొంత చరిత్ర ఉంది. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు పలకలతో మొదటి ద్వితీయ ఘటాన్ని చేసినప్పుడు దానిని నింపడానికి గోడలో ప్లగ్గు లేదు, డైనమో కూడా లేదు. ప్రాథమిక ఘటాలను వరసగా కలిపి, వాటి కరెంటుతోనే దీనిని నింపాలి. ఒక కుండలో నీళ్ళు మరొక కుండలో పోసినట్టు. బయటినుంచి చవకగా కరెంటు దొరికే రోజు వచ్చేదాకా ఈ ఘటం ప్రయోగశాలలో వింతగానే మిగిలింది.

ఛార్జింగ్ బ్యాటరీ ఇంట్లోకి సెల్‌ఫోనుతో వచ్చిందని నేటి తరం అనుకుంటుంది. అంతకంటే కొంచెం పెద్దవాళ్ళు కార్డ్‌లెస్ ఫోనుతోనో, వీడియో కెమెరాతోనో వచ్చిందంటారు. నిజానికి అమెరికాలో అది నడిమింట్లోకి వచ్చింది 1920లలో, రేడియోతో. ఆనాటి రేడియో కవాటాల తీగలను వేడిచేయడానికి ఆరు వోల్టుల సీసపు బ్యాటరీ కావాలి. దానిని ‘ఏ’ బ్యాటరీ అనేవారు. మోటారు కారులో ఉండేదానికి అది అన్నదమ్ముడు. ఒలికితే తివాచీని కాల్చే ఆమ్లం అందులో ఉండేది. కరెంటు లేని ఇళ్ళవాళ్ళు దానిని వారానికో పది రోజులకో గారేజికి మోసుకుపోయి నింపించుకు వచ్చేవారు. ఈ వ్యాపారంలో బాగుపడిన కంపెనీలలో ఒకటి ఫిలడెల్ఫియా స్టోరేజ్ బ్యాటరీ కంపెనీ. దాని పొట్టి పేరే ఫిల్కో. 1927 ప్రాంతంలో గోడ కరెంటుతో నేరుగా నడిచే రేడియోలు రాగానే ఫిల్కోవారి ఇంటి బ్యాటరీల వ్యాపారం కూలిపోయింది. వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. మరుసటి సంవత్సరమే రేడియోల తయారీలోకి దిగి, కొన్నేళ్ళలో ఆ రంగంలో దేశంలోనే పెద్ద పేరు సంపాదించారు.

పల్లెటూళ్ళ కథ వేరు. 1935లో రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించేనాటికి అమెరికాలో ప్రతి పది వ్యవసాయ కుటుంబాలలో తొమ్మిదింటికి కరెంటు లేదు. అయోవా రాష్ట్రంలోని సూ సిటీ నుంచి వచ్చిన ‘విన్‌ఛార్జర్’ అనే చిన్న గాలిమర ఇంటి కప్పుమీద తిరుగుతూ రేడియో బ్యాటరీని నింపేది. 1980లలో మన ఊళ్ళలో కరెంటు పోయిన ఆదివారం ఉదయం ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి టీవీకి తగిలించి రామాయణం చూసిన వారికి ఈ అయోవా రైతు పరాయివాడుగా అనిపించడు.

అయితే సీసపు బ్యాటరీ బరువైనది. ఒక మూలన కూర్చోవలసినదే తప్ప మనిషితో నడవలేదు. నడిచే బ్యాటరీకోసం ఎడిసన్ దశాబ్దంపాటు న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో తలమునకలయ్యాడు. ఆయన ఇనుము, నికెల్ వాడి, ఆమ్లం బదులు క్షారం పోసిన ఘటం చేశాడు. తన గురి విద్యుత్ కార్లు. మొదట అమ్మిన ఘటాలు కారిపోతున్నాయని తేలితే తయారీ ఆపివేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. 1909 నాటికి ఘటం కుదిరింది గాని, అప్పటికి కార్ల లోకం పెట్రోలు వైపు తిరిగిపోయింది. ఆ బ్యాటరీ కడకు గని కార్మికుడి నడుముకు చేరింది. అంతకుముందు బొగ్గుగనులలో తలమీది దీపం నిప్పు దీపమే. మీథేన్ వాయువు నిండిన సొరంగంలో అది మృత్యువు. 1914లో పిట్స్‌బర్గ్‌లో మొదలైన మైన్ సేఫ్టీ అప్లయన్సెస్ కంపెనీ ఎడిసన్ ఘటంతో టోపీ దీపాలు చేయించింది. షిఫ్టు దిగిన కార్మికుడు తన బ్యాటరీని గని ముఖద్వారం దగ్గర వరసగా ఉన్న ఛార్జింగ్ అరల్లో పెట్టి ఇంటికి వెళ్ళేవాడు. రాత్రి ఛార్జి పెట్టి పొద్దున తీసుకోవడమనే నేటి మన అలవాటును ఈ బొగ్గుగని కూలీలు మనకంటే చాలా ముందే పాటించారు.

ఇక నికెల్-కాడ్మియం. స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో దీనిని కనిపెట్టాడు. ఎడిసన్ ఇనుము వాడిన చోట ఆయన కాడ్మియం వాడాడు. ఇది దృఢమైనది, చలికి తట్టుకుంటుంది, పెద్ద కరెంటు ఇస్తుంది. లోపమల్లా ఒకటే. నిండిన తరువాత కూడా ఛార్జి చేస్తే లోపలి నీరు విడిపోయి వాయువులు పుడతాయి. అవి పోవడానికి దారి ఉంచాలి, తగ్గిన నీరు పోస్తూ ఉండాలి. చేతిలో పట్టుకునే వస్తువులో ఇది కుదరదు. దీనికి పరిష్కారం 1947లో వచ్చింది. ఇచ్చినవాడు గియోర్గ్ న్యూమన్. సంగీతం రికార్డు చేసేవారు భక్తిగా తలచుకునే న్యూమన్ మైక్రోఫోన్ల సృష్టికర్త ఈయనే. కాడ్మియం పలకను నికెల్ పలకకంటే పెద్దదిగా ఉంచడం ఆయన చేసిన యుక్తి. అప్పుడు ముందుగా నిండేది నికెల్ పలక. అక్కడ పుట్టిన ఆక్సిజన్ కాడ్మియం పలక దగ్గరకు చేరి అక్కడే కలిసిపోతుంది. వాయువు బయటికి పోనక్కరలేదు కాబట్టి డబ్బాకు మూత బిగించవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. నిండిన ఘటంలోకి ఇంకా పంపే కరెంటంతా వేడిగా మారుతుంది. సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో నెమ్మదిగా నింపితే ఆ వేడిని ఘటం భరిస్తుంది. 500 మిల్లీ ఆంపియర్-గంటల డబుల్ ఏ సెల్లుకు 50 మిల్లీ ఆంపియర్లు. లెక్కకు పది గంటలు చాలాలి గాని, కొంత వృథాగా పోతుంది కాబట్టి పద్నాలుగు నుంచి పదహారు గంటలు. పాత ఛార్జర్ల మీద అచ్చువేసిన ‘పదహారు గంటలు’ అన్న అంకెకు మూలం ఇదే. ఆ ఛార్జరుకు ఘటం నిండిందో లేదో తెలియదు. అది కొళాయి తిప్పి వదిలేసిన నీళ్ళ తొట్టి. కట్టవలసిన బాధ్యత మనిషిది.

మనిషి కట్టగలడా అన్న ప్రశ్న అన్నిటికంటే తీవ్రంగా ఎదురైంది వంటింట్లోనో బడిలోనో కాదు, గుండె శస్త్రచికిత్సలో. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఓకే సెనింగ్ అనే శస్త్రవైద్యుడు ఆర్నె లార్సన్ అనే రోగి శరీరంలో ప్రపంచంలోనే మొదటిసారిగా పేస్‌మేకర్ అమర్చాడు. లార్సన్ గుండె తరచు ఆగి, ఆయన రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పేవాడు. యంత్రం చేసింది రూనె ఎల్మ్‌క్విస్ట్. వైద్యం చదివి ఇంజనీరైనవాడు. బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టుకుని, ఎపాక్సీ జిగురు పోసి ఆయన ఆ యంత్రాన్ని తయారుచేశాడు. అందులోపల ఉన్నది నికెల్-కాడ్మియం ఛార్జింగ్ ఘటమే. చర్మం పైనుంచి తీగచుట్టతో, లోపలి తీగచుట్టకు కరెంటు ప్రేరేపించి దానిని నింపాలి. వంటింటి అరుగుమీద ఫోనును పలకపై పెట్టి ఛార్జి చేసే నేటి పద్ధతికి సూత్రం అదే. ఆ మొదటి యంత్రం కొన్ని గంటలకే ఆగిపోయింది. లార్సన్ మాత్రం ఆగలేదు. ఆ తరువాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా, అంటే తన వైద్యుడికంటే, తన ఇంజనీరుకంటే ఎక్కువ కాలం బతికాడు.

అదే కాలంలో అమెరికాలో బఫెలో నగరం దగ్గర విల్సన్ గ్రేట్‌బ్యాచ్ తన పేస్‌మేకర్‌కు ఛార్జింగ్ అక్కరలేని పాదరసపు ఘటాలు ఎంచుకున్నాడు. అవి రెండేళ్ళకు అయిపోయేవి. అయిపోతే మళ్ళీ కత్తి పట్టవలసిందే. ఆ బాధ తప్పించడానికి 1970ల మొదట్లో జాన్స్ హాప్‌కిన్స్ అనువర్తిత భౌతిక ప్రయోగశాలలో ఉపగ్రహాల పని చేసే రాబర్ట్ ఫిషెల్ మళ్ళీ నికెల్-కాడ్మియం వైపు చూశాడు. కక్ష్యలో ఏళ్ళ తరబడి పనిచేసే ఘటం ఛాతీలో ఎందుకు పనిచేయదు? పనిచేసింది కూడా. రోగి వారానికోసారి ఒక చొక్కాలాంటిది తొడుక్కుని గంటకు పైగా కూర్చుంటే చాలు. ఇంజనీరింగులో అది గొప్ప విజయం. అయినా వైద్యులు గ్రేట్‌బ్యాచ్ ప్రచారంలోకి తెచ్చిన లిథియం-అయోడిన్ ఘటాన్నే కోరుకున్నారు. అది నింపడానికి వీలులేనిది, కాని ఏళ్ళ తరబడి నెమ్మదిగా, ముందే తెలిసే తీరులో తరుగుతూ వస్తుంది. రక్తపోటు మాత్ర రోజూ గుర్తుపెట్టుకుని వేసుకునేవారు ఎందరో మాకు తెలుసు. అటువంటి లోకంలో గుండెను వారపు అలవాటు మీద ఆధారపెట్టడం ఎవరికీ రుచించలేదు. నేటికీ పేస్‌మేకర్లలో నింపుకునే ఘటాలు లేవు. పార్కిన్సన్ వ్యాధికి మెదడులో అమర్చే ఉత్తేజకాలలో మాత్రం రెండు రకాలూ ఉన్నాయి. వణికే చేతులున్న రోగికి ఏది ఇవ్వాలన్నది ఇంట్లో ఛార్జి పెట్టే మనిషి ఎవరున్నారన్న దానిని బట్టి తేలుతుంది.

అమెరికా ఇళ్ళలోకి నికెల్-కాడ్మియం 1961లో వచ్చిందని చెప్పవచ్చు. ఆ ఏడు మేరీలాండ్‌లోని టౌసన్ నుంచి బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ తీగ లేని డ్రిల్లు అమ్మకానికి పెట్టింది. తీగ లేని పళ్ళ బ్రష్షులు, క్షవరం మిషన్లు ఆ ప్రాంతంలోనే వచ్చాయి. 1979లో అదే కంపెనీవారి ‘డస్ట్‌బస్టర్’ గోడకు వేలాడడం మొదలుపెట్టింది. ఇవన్నీ లోపలే ఘటాలు అమర్చిన వస్తువులు. విడిగా సెల్లు కొని, ఛార్జరు కొని, మార్చి మార్చి వాడుకునేవారు చాలా తక్కువ. ఎందుకంటే 1959లో లూయిస్ యూరీ ఒహాయోలోని ఎవరెడీ ప్రయోగశాలలో చేసిన క్షార ఘటం, మనం ‘ఆల్కలైన్’ అనేది, ఎప్పుడు కావాలంటే అప్పుడు నిండుగా దుకాణం గల్లాపెట్టె పక్కనే వేలాడుతూ ఉండేది. ఇండియాలో సెల్లును ఎండలో పెట్టి, పంటితో నొక్కి, చివరి బొట్టు దాకా పిండుకున్న తరంవారికి ఇక్కడి పారవేత తొలినాళ్ళలో గుండె గుబిల్లుమనిపించేది. (ఎండలో పెడితే నిజంగానే కాస్త పనిచేస్తుంది. వేడికి లోపలి చర్యలు చురుకవుతాయి. అది నింపడం కాదు, అడుగున మిగిలినదాన్ని గీకి తీయడం.) అప్పట్లో పొదుపరులైన మనవాళ్ళు ఇక్కడ ఛార్జరు కొని విజయవాడకు పంపితే, 120 వోల్టులకు మాత్రమే చేసిన ఆ డబ్బా 230 వోల్టులకు మాడి పోయేది.

ఇళ్ళలో నికెల్-కాడ్మియం పేరు చెడగొట్టింది ‘మెమరీ’ అన్న మాట. ఉపగ్రహం ప్రతి ప్రదక్షిణలో భూమి నీడలోకి వెళ్ళి, సరిగ్గా అంతే కరెంటు వాడుకుని, ఎండలోకి వచ్చి సరిగ్గా అంతే నింపుకుంటుంది. ఇలా వేలసార్లు జరిగాక ఘటం ఆ మేరకు మించి ఇవ్వడానికి మొరాయించింది. ఘటానికి జ్ఞాపకం ఉందన్న మాట అక్కడ పుట్టింది. ఇంట్లో ఎవరూ అంత కచ్చితంగా వాడరు. గోడకు వేలాడే డస్ట్‌బస్టర్‌నో, తొట్టిలో కూర్చున్న కార్డ్‌లెస్ ఫోనునో చంపింది నిరంతరం పోసిన కరెంటు. వేడికి లోపలి స్ఫటికాలు పెరిగి వోల్టేజి పడిపోతుంది, ఘటం ఎండుతుంది. జనం మాత్రం ఉపగ్రహం కథను నమ్మి, సెల్లులను పూర్తిగా ఖాళీచేసి నింపడం మంచిదనుకున్నారు. మూడు నాలుగు ఘటాలు వరసలో ఉన్నప్పుడు అలా అడుగంటా పిండితే అన్నిటికంటే బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. మిగిలినవి దానిలోకి కరెంటును తిరగదోసి ధ్రువాలు మార్చేస్తాయి. అంటే రోగం లేనివాడికి మందు పోసి రోగం తెప్పించడం. ఆ సలహా ఇప్పటికీ చావలేదు. కొత్త లిథియం ఫోను కొనగానే ఎనిమిది గంటలు ఛార్జి పెట్టాలనీ, పూర్తిగా అయిపోయాకే మళ్ళీ పెట్టాలనీ చెప్పే మామయ్య ప్రతి కుటుంబంలోనూ ఉన్నాడు. లిథియం ఘటానికి రెండూ పనికిరానివే. దానికి సగం సగం నింపడమే హాయి.

అసలు భయపడవలసింది జ్ఞాపకానికి కాదు, కాడ్మియానికి. మా విద్యలో ఇది బాగా తెలిసిన విషం. ఒంట్లోకి చేరితే మూత్రపిండాలలో దశాబ్దాలపాటు తిష్ఠవేస్తుంది. వడపోసిన దానిలోంచి మాంసకృత్తులను, లవణాలను తిరిగి పీల్చుకునే నాళికలు దెబ్బతింటాయి. ఎముకలు మెత్తబడతాయి. జపాన్‌లో జింజు నది ఒడ్డున, ఎగువన ఉన్న జింకు గని మురుగుతో పండిన వరి తిన్న స్త్రీలకు నడుస్తుంటేనే ఎముకలు విరిగేవి. ‘అమ్మో, అమ్మో’ అనే అర్థం వచ్చే ‘ఇతాయి-ఇతాయి’ పేరుతో ఆ జబ్బును అక్కడి ప్రభుత్వం 1968లో గుర్తించింది. అది గని వల్ల వచ్చింది, బ్యాటరీల వల్ల కాదు. బ్యాటరీల కథ న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది.

మన్‌హాటన్ నుంచి హడ్సన్ నది పక్కనే పోయే రైలు ఎక్కితే గంటకు పైగా ప్రయాణం తరువాత కోల్డ్ స్ప్రింగ్ అనే అందమైన ఊరు వస్తుంది. అంతర్యుద్ధ కాలంలో ఫిరంగులు పోసిన కొలిమి అక్కడే ఉండేది. ఆ పక్క నదిపాయకు అందుకే ఫౌండ్రీ కోవ్ అని పేరు. 1952లో అమెరికా సైన్యం క్షిపణులకోసం నికెల్-కాడ్మియం ఘటాలు చేయడానికి అక్కడ కర్మాగారం కట్టించింది. నడిపే పని సోనోటోన్ కంపెనీకి ఇచ్చింది. సోనోటోన్ వినికిడి యంత్రాల కంపెనీ. ట్రాన్సిస్టరు వాడిన మొదటి వినికిడి యంత్రం అదే 1952లో వారిదే. చెవిటివారికి చెవులిచ్చిన చేతులతోనే వాళ్ళు కాడ్మియం మురుగును నదిపాయలోకి వదిలారు. కర్మాగారం చేతులు మారి మారథాన్ బ్యాటరీ కంపెనీదై, 1979లో మూతపడింది. అప్పటికి పాయలో చేరిన వ్యర్థం యాభై టన్నుల దరిదాపు. కొన్నిచోట్ల బురదలో కాడ్మియాన్ని పదిలక్షల వంతుల్లో కాక శాతాల్లో చెప్పవలసి వచ్చింది. 1970ల మొదట్లో కొంత పూడిక తీసి కర్మాగారం ఆవరణలోనే పాతిపెట్టారు, అంటే ఇంటి చెత్త చాపకిందకు ఊడ్చారు. 1983లో కేంద్ర ప్రభుత్వపు సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది. అసలైన శుభ్రత 1993 నుంచి 1995 వరకు జరిగింది.

ఈలోగా జెఫ్రీ లెవింటన్, పాల్ క్లెర్క్స్ అనే జీవశాస్త్రజ్ఞులు ఆ బురదలో ఒక ఆశ్చర్యం చూశారు. వానపాముకు దూరపు చుట్టమైన ఒక సన్నటి పురుగు అక్కడ హాయిగా బతుకుతోంది. పక్క పాయనుంచి తెచ్చిన అదే జాతి పురుగులు ఆ బురదలో చచ్చిపోయాయి. ముప్ఫై ఏళ్ళలోపే ఈ పురుగు కాడ్మియాన్ని తట్టుకునే గుణాన్ని వారసత్వంగా సంపాదించింది. పాయ శుభ్రపడిన తరువాత పది ఇరవై తరాలలోపే ఆ గుణం మళ్ళీ పోయిందని లెవింటన్ బృందం 2003లో ప్రకటించింది. పరిణామం లక్షల ఏళ్ళ వ్యవహారమని చదువుకున్న మాబోటివారికి ఇది ఒక బ్యాటరీ ఫ్యాక్టరీ నేర్పిన పాఠం.

ఇళ్ళలోని కాడ్మియం మాత్రం చెత్తబుట్టల్లోకి పోతూనే ఉంది. 1980ల చివర లెక్కలు తీస్తే ఊరి చెత్తలో చేరే కాడ్మియంలో సగానికి పైగా ఈ చిన్న ఘటాలదే. చెత్తను కాలిస్తే అది గాలిలోకి, పూడిస్తే నీళ్ళలోకి. 1996 మేలో క్లింటన్ సంతకంతో వచ్చిన చట్టం నికెల్-కాడ్మియం ఘటాలకు గుర్తు వేయాలనీ, వస్తువులోంచి సులువుగా ఊడేలా అమర్చాలనీ శాసించింది. హార్డ్‌వేర్ దుకాణాల గుమ్మాల దగ్గర పాత బ్యాటరీల పెట్టెలు విస్తరించింది ఆ రోజుల్లోనే. ఐరోపా మరో అడుగు వేసి 2006 నాటి నిబంధనతో ఇంటి వాడుకనుంచి కాడ్మియాన్ని దాదాపు తొలగించింది. విమానాలు, రైళ్ళు మాత్రం దానిని వదలలేదు. 1977లో హైదరాబాదులో మొదలైన హెచ్‌బీఎల్ సంస్థ ఎదిగింది ఆ విమాన బ్యాటరీలతోనే.

కాడ్మియం ఖాళీ చేసిన చోటును నింపినవాడు కాలేజీ గడప తొక్కని స్టాన్‌ఫర్డ్ ఒవ్‌షిన్‌స్కీ. ఒహాయోలోని ఆక్రన్‌లో 1922లో పుట్టి, యంత్రపనివాడుగా మొదలై, భార్య ఐరిస్‌తో కలిసి మిషిగన్‌లో సొంత ప్రయోగశాల పెట్టుకున్నాడు. కొన్ని మిశ్రలోహాలు హైడ్రోజన్‌ను స్పంజి నీటిని పీల్చినట్టు పీల్చుకుంటాయని హాలండ్‌లోని ఫిలిప్స్ శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. కాని కొన్ని మార్లు పీల్చి వదిలేసరికి ఆ లోహం పొడిపొడి అయ్యేది. స్ఫటికం ఎంత శుద్ధంగా ఉంటే అంత మంచిదని అందరూ అనుకుంటుంటే, ఒవ్‌షిన్‌స్కీ అనేక లోహాలు కలిపి, కావాలని క్రమం తప్పించి మన్నిక సాధించాడు. 1980ల చివర నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటం బజారుకు వచ్చింది. విషం లేదు, సామర్థ్యం రెండింతలు, తరువాత నాలుగింతలు. దీనికి కొత్త బలహీనత ఒకటి: కూర్చోబెడితే కారిపోవడం. నెలకు ఇరవై ముప్ఫై శాతం దానంతటదే తరిగేది. 2000 ప్రాంతంలో డిజిటల్ కెమెరా కొన్నవాళ్ళు నింపిన సెల్లులు సూటుకేసులో సర్దుకుని ఇండియా వెళ్తే, పెళ్ళిలో జీలకర్రా బెల్లం వేళకు కెమెరా కళ్ళు మూసేది. 2005లో జపాన్‌లోని సాన్యో ‘ఎనెలూప్’ పేరుతో ఏడాది తరువాత కూడా 85 శాతం నిలిచే ఘటాన్ని తెచ్చి ఆ చిక్కు తీర్చింది. నా లెక్కలో ఇంటి సెల్లుల చరిత్రలో లిథియంకంటే పెద్ద మలుపు ఇదే. మొదటిసారిగా నింపి అలమరాలో పెట్టి మరచిపోగల ఘటం దొరికింది.

వీటిని నింపడం కూడా మారింది. నిండినప్పుడు వోల్టేజి కొద్దిగా వెనక్కి తగ్గే క్షణాన్ని పట్టుకుని, వేడిని కొలిచి, ఒక్కో ఘటాన్ని విడివిడిగా చూసే ఛార్జరు నేడు ముప్ఫై నలభై డాలర్లకు వస్తుంది. ఘటాలు రెండు రెండు జతలుగా నింపే చవక ఛార్జరు కొని, ఒకటి సగం, ఒకటి నిండు ఘటాలను కలిపి పెట్టేవారు మంచి సెల్లులను తొందరగా చంపుకుంటున్నారు. ఫ్లాష్ లైట్లకు, పిల్లల బొమ్మలకు, వైర్‌లెస్ కీబోర్డుకు ఇవి చక్కగా సరిపోతాయి. 1.5 వోల్టులకు బదులు 1.2 అయినా ఫరవాలేదు, ఆల్కలైన్ కూడా సగం వాడేసరికి అక్కడికే దిగుతుంది. గోడ గడియారానికి వీటిని పెట్టడం దండగ. పొగను పసిగట్టి మోగే అలారానికైతే పెట్టవద్దని చేసినవాళ్ళే రాస్తారు. నింపుకునే ఘటం చివరిదాకా నిబ్బరంగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. ‘అయిపోతున్నాను’ అని కిచకిచలాడే వ్యవధి ఆ అలారానికి చాలకపోవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలలో ఇప్పుడు కేవలం బ్యాటరీతో నడిచే కొత్త అలారం కొంటే, దానిలో పదేళ్ళు నడిచే లిథియం ఘటాన్ని తీయడానికి వీలులేకుండా మూసే అమ్ముతారు. పేస్‌మేకర్ యాభై ఏళ్ళ కిందట పట్టిన దారి అది.